సరళాదేశ సంధి

పెరుంగుడిలో ఆరో అంతస్తు. కిటికీ అవతల
చిత్తడి నేల, కొంగలు, వాటి వెనక చెత్తకొండ పొగ.
ఇవతల నా బల్ల మీద యూరప్ చట్టం.
నూట యాభై పేజీల సవరణకి
నెత్తిన ఒకటే మాట: సరళీకరణ.

ఇళవేనిల్ కుర్చీ ఇటు తిప్పింది,
"మీ తెలుగులో దీన్నేమంటారు?"
నాకు నవ్వొచ్చింది.

విల్లివాక్కం బడిలో ఎనిమిదో తరగతి, పదకొండుమందిమి.
మరుసటేడు తెలుగు తరగతే లేదు.
వేదవల్లి టీచర్ నల్లబల్ల మీద రాసింది:
చేసెను, కూడిక గుర్తు, పని.
చేసెనుబని.
"పక్కన నకారం నిలబడితే చాలర్రా,
ఎంత పరుషమైనా సరళమైపోతుంది.
దాని పేరు సరళాదేశం."

ఆదేశం అంటే ఒక అక్షరాన్ని లేపి
ఆ చోట ఇంకోదాన్ని కూర్చోబెట్టడం.
ఆదేశం అంటే హుకుం కూడా అని
ఈ ఉద్యోగంలో చేరాక వంటబట్టింది.

అబద్ధమెందుకు, మొదట సంతోషపడ్డాను.
ఒకే ప్రశ్నని నాలుగు చట్టాలు
నాలుగు రకాలుగా అడిగేవి ఇన్నాళ్లూ,
నలుగురు ఆడపడుచుల్లా.
నలభై ఒక్క గళ్ల పట్టిక తొమ్మిదికి దిగింది.
సమాచారం పొక్కితే చెప్పడానికి
డెబ్బై రెండు గంటల గడువు తొంభై ఆరు అవుతుందట.
నాకో ఆదివారం మిగులుతుంది.
మూడు రోజులు వరసగా ఏడూ ఇరవై రైలు అందుకున్నాను,
కిటికీ సీటు, ఒళ్లో వేడి సుండల్ పొట్లం.

నాలుగో రోజు 4417 వచ్చింది.
పేరు లేదు. పేర్లు కత్తిరించాకే మా దాకా పంపుతారు.
గెంట్‌లో వినికిడి యంత్రాల కంపెనీ ఒకటి
యంత్రాలకు చెవులు నేర్పడానికి గొంతులు పోగేసింది.
అందులో ఒక గొంతు ఉత్తరం రాసింది, రెండే వాక్యాలు:
నన్నడిగి తీసుకోలేదు.
చెరిపేయండి.

కొత్త లెక్కలో దీనికి దారి సులువు.
ఎవరిదో గుర్తుపట్టే వీలు నీకు లేకపోతే
అది నీ దగ్గర ఎవరిదీ కాదు.
తొమ్మిది గళ్లలో ఆరోది.
గుర్తుపట్టగలరా? అవును. కాదు.
"ఇంకా ముసాయిదానే" అంది ఇళవేనిల్,
"క్లయింట్ మాత్రం ఇప్పట్నుంచే అలా నింపమంటున్నాడు."

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.
సింకులో పళ్లెం పడ్డ చప్పుడు.
నాకు రాని భాషలో
పిల్లినో పిల్లాణ్ణో పిలిచింది.
దగ్గబోయే ముందు ఊపిరి బిగబడుతుంది ఆవిడకి,
చీకటి మెట్ల మీద ఎవరో ఎదురైనట్టు.
వెయ్యి గొంతుల్లో కలిపేసినా పట్టేస్తాను.
పేరు చెప్పమంటే చెప్పలేను.

ద్రుతం అంటే ఆ నకారమే. ద్రుతం అంటే తొందర కూడా.
ఎవరొచ్చి పక్కన నిలబడితే మెత్తబడింది ఈ చట్టం?
నూట యాభై పేజీలూ తిరగేశాను,
ఆ అక్షరం ఎక్కడా కనబడలేదు.

వేదవల్లి టీచర్ ఆ రోజు ఇంకోటి చెప్పింది.
పరీక్షలో రాదని ఎవరం రాసుకోలేదు.
"గొంతు మీద వేలు పెట్టుకుని క్ అనండి, అచ్చు లేకుండా.
ఏముంది? ఉత్త గాలి.
ఇప్పుడు గ్ అనండి."
పదకొండు గొంతులు వేళ్ల కింద వణికాయి.
"మెత్తన కాదర్రా.
సరళమంటే గొంతు వచ్చి చేరడం."

ఆరో గడిలో కర్సరు కొట్టుకుంటోంది.
పొగలో కొంగలు కనబడ్డం లేదు.
ఇళవేనిల్ చూస్తోందని తెలిసే
గొంతు మీద వేలు పెట్టుకున్నాను.
ఏడూ ఇరవై వెళ్లిపోయింది.